పళ్ళత్త కిటికీ పక్క స్టూలు

టక్.

కాసేపు ఏమీ లేదు. తర్వాత టక్, టక్. మళ్ళీ నిశ్శబ్దం.

పంటి డాక్టరు గది ముందు బెంచీ మీద కూర్చుని ఉన్నాను. మత్తు సూదికి కుడి బుగ్గ నాది కాకుండా పోయింది. ఎవరిదో దిండు తెచ్చి మొహానికి ఆనించుకున్నట్టుంది. పైకప్పులోంచి ఆ చప్పుడు ఒక్కొక్కటిగా రాలి పడుతోంది. ఎవరో తీరిగ్గా, నోట్లో ఏమీ లేకుండా, మధ్యాహ్నాన్నే నములుతున్నట్టు.

"ఏంటది?" అన్నాను వంకర మూతితో.

"పళ్ళత్త," అంది చీటీలు రాసే అమ్మాయి తలెత్తకుండా. "కొత్త సెట్టు వింటోంది."

"పళ్ళ సెట్టు వినడమేంటి?"

"పైకెళ్ళి ఆవిడనే అడగండి. ఎలాగూ మత్తు దిగేదాకా గంట కూర్చోవాలి. వెనక మెట్లెక్కండి."

నా పంటి వైద్యం ఐదు విడతలు సాగింది. అలా ఆ మెట్లు నాకు అలవాటయ్యాయి.

పైగది తెల్లగా ఉంది. కిటికీ అంచు మీద, కుళాయి మెడ మీద, క్యాలెండరులోని తేదీల మీద సన్నని ప్లాస్టర్ పొడి. అరల్లో వరుసగా నోళ్ళు. వందల నోళ్ళు, ఒక్క మాట కూడా అనకుండా తెరుచుకుని ఉన్నాయి. ఒక్కోదాని అడుగున పెన్సిలుతో రాసిన నెంబరు. వాటి మధ్య సన్నటి మనిషి, యాభై నాలుగేళ్ళావిడ. జుట్టులోని తెలుపులో వయసెంతో పొడెంతో చెప్పడం కష్టం. చేతిలో ఇత్తడి దవడ ఉంది. పై వరుసనీ కింది వరుసనీ కీలుతో కలిపే చట్రాన్ని ఆ పనివాళ్ళు అలాగే అంటారు. మైనంలో గుచ్చిన పళ్ళు దానికి బిగించి ఉన్నాయి. ఆవిడ కళ్ళు మూసుకుని దాన్ని తెరిచి మూసింది.

టక్.

"వెనకపళ్ళన్నీ ఒక్కసారే కలిస్తే ఒకటే చప్పుడు," అంది కళ్ళు తెరవకుండానే. "ఏదన్నా ఒకటి ముందుగా తగిలిందనుకోండి, రెండు. కంటికి దొరకనిది చెవికి దొరుకుతుంది. కూర్చోండి. అక్కడొద్దు, అది పిల్లల స్టూలు."

కిటికీ పక్కన ఎత్తు స్టూలొకటి ఉంది. దాని కాళ్ళకి అడ్డంగా ఉన్న కర్ర మధ్యలో అరిగి లోతు పడింది. ఇరవై రెండేళ్ళుగా స్కూలు బూట్లు ఆనిన చోటు అది.

అక్కడి హైస్కూలు వాళ్ళు పదో తరగతి పిల్లల్ని ఏడాదికోసారి పదిహేను రోజులపాటు పనిచేసే చోట్లకి పంపుతారు. ఒకరు బేకరీకి వెళ్తారు, ఒకరు ప్రెస్సుకి, ఒకరు నీళ్ళ ట్యాంకు ఆఫీసుకి. పెద్దయ్యాక ఏం చెయ్యాలో తేల్చుకోవడానికి ముందు, ఒక పని పొద్దున్నించి సాయంత్రందాకా ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూస్తారు. పళ్ళత్త ఏటా ఒకర్ని తీసుకుంటుంది. వచ్చినవాళ్ళకి తనే పేరు పెడుతుంది. ఎవరేమన్నా కొరికినంత పని చేసేవాడు కోరపన్ను. రెండో రోజే ఏడ్చిన పిల్ల పాలపన్ను. ఈ ఏడాది పిల్ల జ్ఞానదంతం.

"అందరూ ఎక్కడివాళ్ళక్కడ సర్దుకున్నాక, నాలుగు రోజులు ఆలస్యంగా, నొప్పిపెడుతూ వచ్చింది," అంది పళ్ళత్త.

"నొప్పి నాకు కాదు, అత్తకి," అంది కుళాయి దగ్గర గిన్నె కడుగుతున్న ఆ పిల్ల. మొదట ఒక ఫొటో స్టూడియోకి పంపారట. వెళ్ళిన రోజే దానికి తాళం పడింది.

ఆ ఇరవై రెండు మందిలో ఎవరన్నా పళ్ళు చేస్తున్నారా అని అడిగాను.

"ఒక్కరూ లేరు. ఒకడు బస్సు నడుపుతాడు. ఒకతి కేకుల మీద పువ్వులు పెడుతుంది. ఒకతి లాయరు."

"బాధగా ఉండదా?"

"ఎందుకూ? ఇది మనకొద్దని పదిహేను రోజుల్లో తెలిసిపోయింది వాళ్ళకి. మా చెల్లెలి మొగుడికి రిటైరయ్యాక తెలిసింది."

ఆవిడ కూడా అలా వచ్చినదే. పదిహేనేళ్ళప్పుడు, అదే స్కూలు నుంచి, అదే ఏర్పాటులో. క్లాసులో ఒక రేకు డబ్బాలో చీటీలు వేశారు. పక్క పిల్లకి రేడియో స్టేషను వచ్చింది, వెనక పిల్లాడికి జంతువుల ఆసుపత్రి. ఈవిడ చీటీలో 'కట్టుడు పళ్ళ తయారీ' అని ఉంది. క్లాసంతా నోరు తెరిచి నవ్వింది. ఆ నోళ్ళన్నీ ఒక్కసారి తెరుచుకున్నప్పుడు, మనుషులకి పళ్ళుంటాయని ఆమె మొదటిసారి గమనించింది. ఎన్ని రకాలో. బియ్యపు గింజల్లాంటివి, తలుపు రెక్కల్లాంటివి, ఒకదాని భుజం మీద ఒకటి వాలినవి.

ఇంట్లో చెప్పింది. కుళాయిలు బాగుచేసే నాన్న చేతులు తుడుచుకుంటూ, "పళ్ళా? మంచిదే. అందరికీ ఉంటాయి," అన్నాడు.

"ఉండకపోతే ఇంకా మంచిది," అంది అమ్మ.

పదిహేను రోజులకి వచ్చిన పిల్ల, మధ్యలో చదువుకి రెండేళ్ళు వెళ్ళొచ్చి, ముప్పై తొమ్మిదేళ్ళుగా ఆ గదిలోనే ఉంది. పెళ్ళయింది. ఆయన స్కూలు బస్సు నడుపుతాడు. ఆయన ముందు పన్నొకటి మూల విరిగి ఉంటుంది గానీ దాన్ని ముట్టుకోనివ్వడు. ఇంట్లో కూడా నీ పనేనా అంటాడట. కింద పెద్ద డాక్టరు పోయి, ఆయన కొడుకు చిన్న డాక్టరు కుర్చీ దగ్గరికి వచ్చాడు. ఇప్పుడాయనకీ జుట్టు పల్చబడింది. నిక్కరు వేసుకుని ఈ గదిలో మైనంతో ఏనుగులు చేసుకున్నవాడు కనుక ఆవిడని అక్కా అంటాడు. ఆవిడ బాబూ అంటుంది.

ఆ గదిలో ఒక నియమం ఉండేది. పెద్ద డాక్టరు పెట్టింది. పళ్ళు చేసేవాళ్ళు మనుషుల మొహాలు చూడకూడదు.

"చూస్తే జాలి పుడుతుందనేవారు. జాలి పుడితే చెయ్యి మెత్తబడుతుంది, కొలత తప్పుతుంది. ఆయన అన్నారు, నేను విన్నాను. పేషెంట్లున్నంతసేపూ కిందకి దిగను. వెనక మెట్లే నాకు."

కింద డాక్టరు నోటి అచ్చు తీస్తాడు. అది పైకొస్తే ఆవిడ ప్లాస్టర్ పోసి నోరు చేస్తుంది. మైనంలో పళ్ళు నిలబెడుతుంది. మైనం సెట్టు కిందకి వెళ్ళి పేషెంటు నోట్లో కూర్చుని, 'సరే' అన్న చీటీతో తిరిగి వస్తుంది. అప్పుడు మైనం కరిగించి, ఆ చోట గులాబీ రంగు ముద్ద నింపి, ఉడికించి గట్టిపరుస్తుంది. ఇక అది మారదు. ఇన్నేళ్ళలో కొన్ని వేల నోళ్ళు ఆవిడ చేతుల మీదుగా వెళ్ళాయి. ఒక్క మొహమూ రాలేదు.

"బస్సులో ఎవరో నవ్వుతారు," అంది ఒకసారి, పిడికిట్లో ఒక ప్లాస్టర్ దిమ్మని కోడిగుడ్డులా పట్టుకుని. "ఆ ఎడమ కోరపన్ను వంపు చూడగానే నా చెయ్యి గుర్తుపడుతుంది. నేను చేసిందే. ఆ మనిషెవరో తెలీదు. వాళ్ళకీ నేను తెలీదు. నా స్టాపు వస్తుంది, దిగిపోతాను."

ఆ మాట తర్వాత చాలా రోజులు నేను బస్సులో నవ్వేవాళ్ళ మొహాలు చూస్తూ ఉండిపోయాను. ఊరంతా ఆ గదిలోంచి కొంచెం కొంచెంగా బయటికి నడిచి వెళ్ళిందేమో, వీధుల్లో తిరిగి, అన్నం తిని, అబద్ధాలాడి, పాటలు పాడుకుంటోందేమో అనిపించేది.

జ్ఞానదంతానికి చెయ్యి మంచిది. మూడో రోజుకే మైనం మీద, పళ్ళు సర్దే చిన్న వేడి గరిటెని నీళ్ళ మీద ఆకులా నడిపించింది. పళ్ళత్త ఆ మాట పిల్లతో అనలేదు. నాతో, అదీ కుళాయి విప్పి, ఆ చప్పుడు చాటున అంది.

పొరపాటు ఆ చెయ్యే చేసింది.

రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన మైనం సెట్టు కింద నుంచి 'సరే' చీటీతో పైకొచ్చింది. పళ్ళత్త భోజనానికి కూర్చుంది. స్టూలు మీద పిల్ల ఆ సెట్టు చూసింది. ముందు పళ్ళు రెండూ ఎడంగా ఉన్నాయి. ఎడమది కొంచెం తిరిగి ఉంది. నోటి వేడికి మైనం మెత్తబడి పళ్ళు కదులుతాయని, తిరిగొచ్చినప్పుడు చూసుకోవాలని రెండో రోజు పాఠంలోనే చెప్పింది పళ్ళత్త. సరిగ్గా అదే జరిగిందనుకుంది పిల్ల. గరిటె వేడిచేసి, ఊపిరి బిగబట్టి, రెండు పళ్ళనీ వెంట్రుక వాసి చొప్పున దగ్గరికి తెచ్చింది. తిరిగిన దాన్ని ముందుకి తిప్పింది. గీత గీసినట్టు వచ్చింది. చెబితే మెచ్చుకుంటుందనుకుని, మళ్ళీ చెప్పకుండానే మెచ్చుకోనీ అనుకుని ఊరుకుంది.

పళ్ళత్త చెయ్యి కడుక్కుని వచ్చి, కళ్ళు మూసుకుని ఇత్తడి దవడ ఆడించింది. ఒకటే చప్పుడు. వెనకపళ్ళు బంగారంలా కలిశాయి. ముందు పళ్ళు ఎప్పుడూ చప్పుడు చెయ్యవు. ఆవిడ సెట్టుని ఉడకబెట్టేసింది.

రెండు రోజుల తర్వాత నేను కింద బెంచీ మీద ఉన్నప్పుడే కండక్టరు తాత ఆ పళ్ళు పెట్టుకుని బయటికొచ్చాడు. పక్కన ఆయన భార్య. ఆయన అద్దంలో చూసుకున్నాడు, పెదాలు ముందుకి చాచి ఊదాడు. గాలి వచ్చింది. ఇంకోసారి ఊదాడు. గాలే.

ఆయన ముప్పై ఏళ్ళు బస్సులో గంట వాడలేదట. తాడు తెగిన రోజు నోటితో ఈల వేశాడు, తర్వాత అదే అలవాటైపోయింది. రెండు పొట్టి ఈలలంటే పోనివ్వు, ఒక పొడుగు ఈలంటే ఆపు. ఇంట్లో కూడా టీ కావాలంటే ఒక పొడుగు ఈల. అది ముందు పళ్ళ సందులోంచి వచ్చేది. సందు ఉండాలని అడిగాడు, మైనంలో చూసుకుని సరేనన్నాడు.

"పళ్ళు బాగానే ఉన్నాయి," అన్నాడు నెమ్మదిగా. "ఎవరివో గానీ."

"అద్దెకి తెచ్చుకున్నట్టున్నాయి," అంది భార్య. "తిరిగిచ్చెయ్, వాళ్ళు వెతుక్కుంటుంటారు."

చిన్న డాక్టరు నవ్వలేదు. సెట్టు పట్టుకుని పైకెళ్ళాడు. మత్తు దిగని బుగ్గతో నేనూ వెనకాలే ఎక్కాను. పిల్ల ఒక్క చూపులో అంతా అర్థం చేసుకుంది. "నేనే దగ్గరికి జరిపాను," అంది. "కదిలాయనుకున్నాను."

"అక్కా, ఇంక పిల్లలొద్దు," అన్నాడు డాక్టరు.

"చెవితో చూసి పంపింది నేను బాబూ. దాన్నెందుకంటావు?"

"దాన్ని అనట్లేదు. వాళ్ళుంటే నీ ధ్యాస వాళ్ళ మీదుంటుంది. అది నోట్లో పెట్టే వస్తువు, స్కూలు క్రాఫ్టు పని కాదు." సెట్టుని బల్ల మీద పెట్టాడు. "శుక్రవారం స్కూలు మాస్టారు కాగితాలు పట్టుకొస్తాడు. వచ్చే ఏడాది పిల్లని పంపడానికి ఒప్పుకోలు మీద నా సంతకం కావాలి. ఆ కండక్టరు ఈలేసుకుంటూ వెళ్తే పెడతాను. లేకపోతే అడగకు."

అది మంగళవారం.

డాక్టరు దిగిపోయాక గదిలో నోళ్ళన్నీ ఇంకాస్త పెద్దగా తెరుచుకున్నట్టనిపించింది. పళ్ళత్త స్టూలు వైపు చూడకుండా ఉండటానికి చాలా ప్రయత్నించింది.

"నేను రేపట్నించి రానులే అత్తా," అంది పిల్ల.

"రాకపోతే ఎవరు చేస్తారు? నీ మూతి చూస్తే నాకు ఆకలి కూడా చచ్చిపోయింది. ఆ రంపం ఇలా తే."

ఇద్దరూ కలిసి ముందు పళ్ళు రెండూ కోసి తీశారు. ఆ ఖాళీలో మళ్ళీ మైనం పెట్టారు. కానీ ఎంత సందు, ఎంత వంపు? పాత మైనం కరిగిపోయింది. కండక్టరు పాత గుర్తింపు కార్డు మీద ఫొటో ఉంది, మూతి బిగించుకున్న ఫొటో. నవ్విన ఫొటో ఆ ఇంట్లో లేదట. పళ్ళత్త చేతికి ఆ సందు గుర్తుండాలి. అయితే వేల నోళ్ళ మధ్య ఒక వెంట్రుక వాసిని ఏ చెయ్యి గుర్తుపెట్టుకుంటుంది?

"నేను ఆయన్ని ఎప్పుడూ చూడలేదు కదా," అంది పిల్ల. "చూసుంటే తిప్పేదాన్ని కాదేమో."

మర్నాడు పళ్ళత్త ఆ మైనం సెట్టు పిల్ల చేతికిచ్చింది. తర్వాత చేతులు కడుక్కుంది. మోచేతులదాకా, గోళ్ళ సందుల్లో, పొడి ఒక్క రేణువు మిగలకుండా కడుక్కుంది. ముప్పై తొమ్మిదేళ్ళలో మొదటిసారి పేషెంట్లున్న వేళ ముందు మెట్ల మీదుగా దిగింది.

అది బుధవారం. నాకు మూడో విడత. తలుపు తీసే ఉండటంతో బెంచీ మీద నుంచి అంతా కనిపించింది. కుర్చీలో కండక్టరు తాత. ఆయనకెదురుగా పిల్ల, చేతిలో వేడి గరిటె. పక్కన పళ్ళత్త, కొత్త ఊళ్ళో దిగినట్టు. డాక్టరు చేతులు కట్టుకుని గోడకి ఆనుకున్నాడు. భార్య నా పక్కన బెంచీ మీద, కళ్ళు మూసుకుని.

పిల్ల పన్ను జరిపేది, సెట్టుని చన్నీళ్ళలో ముంచేది, ఆయన పెట్టుకునేవాడు, ఊదేవాడు.

"కాదు," అనేది భార్య బెంచీ మీద నుంచి.

మళ్ళీ.

"కాదు. ఇది కూరలమ్మే అతని ఈల."

మళ్ళీ.

"ఊహూఁ. టీ అడుగుతున్నట్టు లేదు, బతిమాలుతున్నట్టుంది. ఈయన ఎప్పుడు బతిమాలాడు?"

అప్పుడు పిల్ల గరిటె పక్కన పెట్టేసింది. "తాతా, కాసేపు ఊదొద్దు. బస్సు గురించేమన్నా చెప్పు," అంది. ఆయన చెప్పాడు. ఒకావిడ మేకపిల్లని దుప్పట్లో చుట్టి, పసిపిల్ల అని చెప్పి ఎక్కించిన కథ. మేక అరిస్తే జలుబు చేసిందని ఆవిడ అనడం, ఆయన దానికి సగం టిక్కెట్టు కొట్టడం. చెబుతూ చెబుతూ ఆయన నవ్వాడు. నవ్వుతుంటే పై పెదవి ఎడమవైపు మాత్రమే లేచింది, గాలికి కర్టెను ఒక మూల లేచినట్టు.

"అత్తా," అంది పిల్ల చిన్నగా. "పెదవి చూడు."

పళ్ళత్త అప్పటికే చూస్తోంది. నోరు కొంచెం తెరుచుకుని, పొడి లేని చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ మొహం మొత్తం చూస్తోంది. కళ్ళ చివరి ముడతలు, గడ్డం మీది పాత మచ్చ, జారి మళ్ళీ పైకొచ్చే కనుబొమ. పుస్తకం చదివేవాళ్ళు పేజీ తిప్పడం మర్చిపోయినట్టుంది.

పిల్ల ఎడమ పన్నుని ఆ లేచే పెదవి వైపు తిప్పింది. అది తిరగ్గానే పక్కన సందు దానంతట అదే ఏర్పడింది. ఆయన పెట్టుకున్నాడు. ఊదాడు.

సన్నగా, పొడుగ్గా, ఎక్కడా విరగకుండా వచ్చిందది. వీధిలో ఎవరో ఆగి వెనక్కి చూశారు.

భార్య కళ్ళు తెరవలేదు. "ఇంటికెళ్ళాక పెడతాలే టీ," అంది.

గట్టిపరిచిన సెట్టుతో కండక్టరు తాత ఈలేసుకుంటూ వెళ్ళాక, శుక్రవారం మాస్టారు వచ్చాడు, సంచీ నిండా కాగితాలతో. ఆయన్ని పిల్లలు ఉద్యోగాల మాస్టారంటారు. ఊళ్ళో తలుపున్న ప్రతిచోటా ఆయన ఒక పిల్లని పెట్టమని అడిగి ఉంటాడు. మొదటి కాగితం పిల్ల నింపాల్సింది. 'ఈ పనిని మీ వృత్తిగా ఎంచుకుంటారా?' అన్న చోట 'లేదు' అని గుండ్రంగా రాసింది. కింద ఖాళీలో, 'నాకు మాట్లాడుతున్న మనుషుల్ని చూడటం నచ్చింది. అది ఏ ఉద్యోగంలో ఉంటుందో మాస్టారు చెప్పాలి' అని ఉంది.

పళ్ళత్త అది రెండుసార్లు చదివింది.  పిల్ల జేబులో ఒక చిన్న మైనం ముక్క పెట్టింది.

"నేను చెప్పాలా," అన్నాడు మాస్టారు తల గోక్కుంటూ. "నాకెవరూ చెప్పలేదమ్మా."

రెండో కాగితం డాక్టరు ముందుంది. ఆయన పెన్ను తీసి, సంతకానికి ముందు పైన ఒక వాక్యం రాశాడు. వచ్చే పిల్లలు మొదటి వారం కింద, కుర్చీ పక్కన కూర్చోవాలి. మొహాలు చూశాకే పైకి.

"అంటే పైన నా దగ్గర వారమే ఉంటారా?" అంది పళ్ళత్త.

"స్టూలు కిందకి తెప్పిస్తున్నా అక్కా."

"అంతేగా మరి. పెద్ద డాక్టరుంటే ఒప్పుకునేవారు కాదు."

"నాన్న ఆ ఈల వినలేదు," అని సంతకం పెట్టాడు.

నా ఐదో విడత ఆ తర్వాతి వారం. పైకెళ్ళాను. కిటికీ పక్క నేల మీద, స్టూలు ఉన్న చోట, పొడి పట్టని నాలుగు గుండ్రటి మచ్చలు మిగిలాయి. ఆవిడ వాటిని తొక్కకుండా తిరుగుతోంది. ఈ ఏడు ఆ రోజులు తొందరగా గడిచాయని, వచ్చే ఏడు పిల్ల ఎలా ఉంటుందోనని అంది. తను కూడా రోజూ మధ్యాహ్నం కాసేపు కిందకి దిగుతోందట. మొదటి రోజు ఇద్దర్ని చూసి తల తిరిగిందట. అంత ఉంటుందా మొహంలో అంది.

నా పన్ను పూర్తయిందని, ఇక రానని చెప్పాను. ఆవిడ ఇత్తడి దవడ బల్ల మీద పెట్టి, గుడ్డతో చేతులు తుడుచుకుని దగ్గరికి వచ్చింది. కిటికీ వెలుగు నా మీద పడేలా భుజం పట్టుకుని కొంచెం తిప్పింది.

"ఇన్నిసార్లొచ్చారు, మీ మొహం నేను సరిగ్గా చూడనేలేదు. ఏదీ, ఒకసారి నవ్వండి. ఊహూఁ, అది పళ్ళు చూపించడం. ఏదన్నా గుర్తు తెచ్చుకుని నవ్వండి."